మీకు తెలుసా? కారుకూ ఒక గడప ఉంది

శుక్రవారం తెల్లవారితే మన ఇళ్లలో ముందుగా తడిసేది గడప. దాన్ని కడిగి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టాకే మిగతా పనులు. వీధి దుమ్మూ, వాన జల్లూ, చెదలూ మొదట పట్టేది దాన్నే. అందుకే దాన్ని కనిపెట్టుకుని ఉండడాన్ని మన పెద్దలు ఆచారంగా మార్చారు.

కారుకూ అలాంటి గడప ఒకటుంది. తలుపు మూసి ఉన్నంతసేపూ అది కంటపడదు. తలుపు తీశాక ఎక్కే తొందరలో దాన్ని దాటేస్తాం. ఆదివారం పూట బకెట్టూ షాంపూ పట్టుకుని గంటసేపు కారును మెరిపించిన చెయ్యి కూడా అక్కడిదాకా వెళ్లదు. కారు ఒళ్లు ఎన్నేళ్లు గట్టిగా ఉంటుందో చాలావరకు తేలేది మాత్రం అక్కడే. ఆ చోటు గురించి తెలుసుకోదగ్గ సంగతులు ఇవి.

1. కారు తలుపు చుట్టూ ఒక ద్వారబంధం ఉంది

తలుపు తీయగానే కనిపించే, రంగు వేసిన ఇనుప చట్రాన్ని ఇంగ్లిషులో డోర్ జాంబ్ అంటారు. మన షెడ్లలో డోర్ ఫ్రేమ్ అంటే సరిపోతుంది. ఇంటి ద్వారబంధానికి ఉన్నట్టే దీనికీ పైన అడ్డకమ్మీ, పక్కన నిలువు స్తంభాలు, కింద గడప ఉంటాయి. ముందు అద్దం పక్కనున్న స్తంభం ఏ పిల్లర్, రెండు తలుపుల నడుమ ఉన్నది బీ పిల్లర్, వెనక తలుపు దాటాక వచ్చేది సీ పిల్లర్. కాలు తగిలే కింది పట్టీ పేరు సిల్. మడతబందులు, లాకు వచ్చి పట్టుకునే ఇనుప కొక్కెం, చుట్టూ తిరిగే రబ్బరు బీడింగ్, తలుపును రెండు మూడు మెట్లలో ఆపే పట్టీ, అన్నీ ఈ చట్రంలోనే అమరి ఉంటాయి.

గడప అనే మాటకు మన నేల మీద ఎంత గౌరవముందో కడప పేరే చెబుతుంది. తిరుమల కొండకు వెళ్లే దారిలో గడప వంటిది కాబట్టి ఆ ఊరికి ఆ పేరు వచ్చిందంటారు. దేవుని కడపలో మొక్కి, ఆ తర్వాతే కొండకు సాగడం పాతకాలపు యాత్రికుల ఆనవాయితీ.

2. మీరు తుడిచే ఆ స్తంభంలో ఉన్నది కారులోకెల్లా గట్టి ఉక్కు

ఈకాలపు చాలా కార్లలో బీ పిల్లర్‌ను బోరాన్ కలిపిన ఉక్కుతో చేస్తారు. ఆ రేకును సుమారు 900 డిగ్రీల సెల్సియస్ దాకా ఎర్రగా కాల్చి, అచ్చులో నొక్కుతూ అక్కడికక్కడే చల్లారుస్తారు. కొలిమిలో కాల్చిన కొడవలిని కమ్మరి నీళ్లలో ముంచి పదును పెడతాడే, అదే సూత్రం. అలా తయారైన ఉక్కు చదరపు మిల్లీమీటరుకు 150 కిలోల లాగుడును తట్టుకుంటుంది. మామూలు రేకుతో పోలిస్తే ఇది నాలుగైదు రెట్లు.

ఈ పద్ధతి స్వీడన్‌లో పుట్టింది. మొదట్లో రంపపు బ్లేడ్లకూ, గడ్డి కోసే యంత్రాల బ్లేడ్లకూ వాడారు. 1984లో సాబ్ 9000 కారు తలుపుల్లో పక్కదెబ్బను కాచే కమ్మీలుగా ఇది కార్లలోకి వచ్చింది. అందుకే ఆ స్తంభం మీద ఇష్టమొచ్చినట్టు డ్రిల్లు వేయడం, వెల్డింగు పెట్టడం ప్రమాదం. మళ్లీ వేడి తగిలితే ఆ ఉక్కు తన బలాన్ని పోగొట్టుకుంటుంది.

3. తలుపు కడుపులోకి నీళ్లు దిగడం లోపం కాదు

వాన కురిసినప్పుడు అద్దం మీద జారే నీటిలో కొంత, అద్దాన్ని ఒరుసుకునే రబ్బరు పట్టీని దాటి తలుపు లోపలికి దిగుతుంది. ఇది తయారుచేసేవాళ్లకు తెలుసు. ఆ నీరు బయటికి పోవడానికి ప్రతి తలుపు అడుగంచునా సన్నటి రంధ్రాలు పెడతారు. ఆ నీరు మన కాళ్ల దగ్గరికి రాకుండా లోపలి ప్యానెల్ వెనక ఒక ప్లాస్టిక్ పొరనూ అతికిస్తారు.

ఒక శ్రావణమాసంలో నా కారు తలుపు వేసినప్పుడల్లా బిందెలో నీళ్లు కదిలినట్టు గలగలమని చప్పుడయ్యేది. కిందికి వంగి, అడుగంచున వేలు పెట్టి రంధ్రం వెతికి, సన్నటి కొబ్బరి పుల్లతో కదిపాను. చెంబెడు ఎర్రనీళ్లు ధారకట్టాయి. ఎన్ని నెలలుగా అవి లోపల నిలిచి ఉన్నాయో తలచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఆ రంధ్రాలను శుభ్రం చేయడానికి కొబ్బరి పుల్ల, ప్లాస్టిక్ టై ముక్క, మెత్తటి బ్రష్షు చాలు. ఇనుప తీగ మాత్రం వద్దు. అది రంధ్రం అంచున రంగును గీకేస్తుంది, తుప్పు అక్కడి నుంచే మొదలవుతుంది.

4. కారు మొత్తం ఒకసారి రంగు కోనేరులో మునిగి లేస్తుంది

కారు పైరంగు పిచికారీతో వేసిందే. కానీ పిచికారీ గొట్టం చొరలేని మూలలకు రంగు ఎలా అందుతుంది? కార్ఖానాలో కారు ఇనుప శరీరాన్నంతా పెద్ద తొట్టెలో ముంచి కరెంటు పంపుతారు. తొట్టెలోని రంగు కణాలు ఇనుముకు లాగినట్టు వచ్చి అంటుకుంటాయి. ఒకచోట పొర మందం కాగానే అక్కడ కరెంటు సాగడం తగ్గి, ఇంకా రంగు పట్టని మూలలవైపు మళ్లుతుంది. 1960ల తొలినాళ్లలో ఫోర్డ్ కంపెనీ ఈ పద్ధతిని కార్లకు అలవాటు చేసింది. ఆ తొలి పొర మందం సుమారు 20 మైక్రాన్లు, అంటే వెంట్రుక మందంలో మూడో వంతుకు అటూ ఇటూ.

తొట్టెలోంచి పైకి లేపినప్పుడు లోపల చేరిన రంగు కారిపోవడానికీ దారులు కావాలి. సిల్ అడుగున, ఫ్లోరు కింద రబ్బరు బిరడాలతో కనిపించే రంధ్రాల్లో కొన్ని అందుకోసం పెట్టినవే. తలుపు సందుల్లో పైరంగు పొరలు బయటికంటే తరచూ పలచగా ఉంటాయి కాబట్టి, అక్కడ గరుకు స్క్రబ్బరు తగలనివ్వకూడదు.

5. తుప్పు పుట్టేది మడతలో

తలుపు ఒకే రేకుతో చేసింది కాదు. బయటి రేకు అంచును లోపలి రేకు మీదికి, చీర అంచు మడిచి కుట్టినట్టు, మడిచి నొక్కుతారు. ఆ మడత తలుపు అడుగంచు పొడవునా సాగుతుంది. దుమ్ముతో కలిసిన తడి అందులో చేరితే ఎండ తగలదు, గాలి ఆడదు. గాలిలో తేమ సుమారు 60 శాతం దాటిందంటే ఇనుముకు తుప్పు జోరందుకుంటుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి సముద్రతీర ఊళ్లలో ఏడాదిలో ఎక్కువ రోజులు తేమ ఆ గీతకు పైనే. ఉప్పుగాలి దానికి తోడు.

తుప్పు తాను తిన్న ఇనుముకంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే రంగు కింద బుడగలా ఉబ్బుతుంది. ఆ బుడగ బయట కనిపించే నాటికి లోపల పని చాలా దూరం సాగి ఉంటుంది. దీనికి విరుగుడుగా ఇనుముకు జింకు పూత పూస్తారు. జింకు ముందు తాను కరిగిపోతూ ఇనుమును కాపాడుతుంది. 1970ల నడుమ పోర్షే 911 శరీరానికీ, 1985లో ఆడి 100 శరీరమంతటికీ ఈ పూత వచ్చింది. పూత ఎంత మంచిదైనా బురదలో నాననిస్తే దానికీ ఆయుష్షు తగ్గుతుంది.

6. చలి దేశాల్లో గడపకు శత్రువు ఉప్పు

షికాగో, డెట్రాయిట్, న్యూజెర్సీ వైపు ఉన్న మనవాళ్లకు ఇది అనుభవంలోని మాట. మంచు గడ్డకట్టకుండా చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఉప్పు కలిసిన నీరు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకట్టదు. పాళ్లు సరిగ్గా కుదిరితే మైనస్ 21 డిగ్రీల దాకా నీరుగానే ఉంటుంది. అదే ఉప్పునీరు బూట్లకు అంటుకుని సిల్ మీదికీ, టైర్ల నుంచి చిమ్మి తలుపు కిందికీ చేరుతుంది. అక్కడ చలికాలమంతా నెలకు రెండుసార్లయినా సిల్‌నూ తలుపు అడుగునూ మంచినీళ్లతో కడిగి ఆరబెట్టుకోవాలి.

ఇంకో చిక్కు, బీడింగ్ మీద నిలిచిన తడి రాత్రికి గడ్డకట్టి తలుపును అతికించేస్తుంది. బలంగా లాగితే బీడింగ్ చిరుగుతుంది. చలికాలానికి ముందే రబ్బరుకు సిలికాన్ పట్టిస్తే ఈ బాధ ఉండదు. బ్రిటన్‌లో ఏటేటా జరిగే ఎంఓటీ పరీక్షలోనైతే సీటు బెల్టు, సస్పెన్షన్ వంటివి బిగించిన చోటుకు 30 సెంటీమీటర్ల లోపు ఇనుము తుప్పుతో బలహీనపడి ఉంటే కారు తప్పినట్టే. సిల్ తుప్పుతో అక్కడ చాలా పాత కార్లు ఆగిపోతాయి.

7. బీడింగ్ ఎండకు ఓర్చుకుంటుంది, కిరోసిన్‌కు ఓర్చుకోదు

తలుపు చుట్టూ ఉండే బీడింగ్ ఎక్కువగా ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరు. చెట్టు పాల నుంచి వచ్చిన రబ్బరు గాలిలోని ఓజోన్ తగిలితే కాలక్రమంలో పగుళ్లిస్తుంది. ఈపీడీఎం అణువు వెన్నెముకలో ఓజోన్ కొరకడానికి వీలైన జంటబంధాలు లేవు. అందుకే అది ఏళ్ల తరబడి ఎండనూ వాననూ తట్టుకుంటుంది. దాని బలహీనత పెట్రోలియం నూనెలు. కిరోసిన్, డీజిల్, పెట్రోలు, మామూలు గ్రీజు తగిలితే ఉబ్బి, సాగి, మెత్తబడుతుంది.

మరక పోతుందని కిరోసిన్ గుడ్డతో బీడింగ్ తుడిచే అలవాటు మన దగ్గర ఇంకా ఉంది. ఆ రోజుకు నల్లగా నిగనిగలాడుతుంది. తర్వాత ఉబ్బిన రబ్బరు తన గాడిలో కుదురుకోదు, తలుపు సందులోంచి గాలి ఈల వేస్తుంది. బీడింగ్‌కు చాలినవి తడిగుడ్డ, కాస్త షాంపూ, ఆరాక పలచగా సిలికాన్. సిలికాన్‌ను గుడ్డ మీద వేసుకుని రాయాలి, గాలిలోకి చిమ్మకూడదు. డెంటింగ్, పెయింటింగ్ చేసేవాళ్లకు సిలికాన్ అంటే భయం. రేకు మీద దాని జాడ ఉంటే కొత్త రంగు చేపకళ్లలా గుంటలు పడుతుంది.

8. డబ్ల్యూడీ-40 పుట్టింది క్షిపణి కోసం

కిర్రుమన్న ప్రతి బందుకూ మనం కొట్టే ఆ నీలం, పసుపు డబ్బా మందు 1953లో అమెరికాలోని శాన్‌డియాగోలో తయారైంది. అట్లాస్ క్షిపణి పైరేకుకు తుప్పు పట్టకుండా నీటిని తరిమేయడం దాని పని. డబ్ల్యూడీ అంటే నీటిని తొలగించడం, 40 అంటే నలభయ్యో ప్రయత్నంలో కుదిరిన పాకం.

ఆ మూలమందు మడతబందులోని పాత జిడ్డునూ తడినీ వదిలించడంలో దిట్ట. కానీ పలచన కాబట్టి అక్కడ ఎక్కువ కాలం నిలవదు. దానితో శుభ్రం చేసి, తుడిచి, ఆపైన తెల్ల లిథియం గ్రీజు చుక్కంత పెట్టడం సరైన పద్ధతి. మడతబందులకూ, తలుపును ఆపే పట్టీకీ, లాకు కొక్కేనికీ ఆరు నెలలకోసారి ఈ సేవ చాలు. కొక్కెం మీద గ్రీజు మరీ ఎక్కువైతే దిగేటప్పుడు ప్యాంటుకో చీరకో అంటుతుంది. మిగిలినది తుడిచేయండి.

9. దసరా పసుపు తలుపు సందులో నెలల తరబడి ఎందుకు నిలుస్తుంది?

విజయదశమికి బండి కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టడం మనందరి ఇళ్లలో ఉన్నదే. బానెట్ మీది పసుపు కొన్నాళ్లకే వెలిసిపోతుంది. తలుపు అంచున అద్దిన పసుపు మాత్రం సంక్రాంతికీ కనిపిస్తుంది. కారణం ఎండ. పసుపుకు రంగునిచ్చే కర్‌క్యుమిన్ సూర్యకాంతికి విరిగిపోతుంది. తలుపు సందులో ఎండ సోకదు, రంగు విరగదు.

ఇంకో విశేషం, బట్టల సబ్బు నురగ తగలగానే ఆ మరక ఎర్రబారుతుంది. పసుపూ సున్నమూ కలిస్తే పారాణి ఎర్రనైనట్టే ఇదీ. క్షారం తగిలితే కర్‌క్యుమిన్ ఎరుపెక్కుతుంది. మరక పెరిగిందని కంగారుపడి గట్టిగా రుద్దకండి. క్షారం లేని కారు షాంపూతో కడిగి, తలుపు తెరిచి కాసేపు ఎండ చూపించండి. పూజ చేసిన మర్నాడే అంచుల్లో తడిగుడ్డ పెట్టి తుడిస్తే అసలు ఇబ్బందే లేదు.

10. చెట్టు నీడకూ ఒక ఖరీదు ఉంది

కానుగ చెట్టు నీడన నిలిపిన కారుకు వేసవిలో చల్లదనం దక్కుతుంది. దాంతోపాటు సందుల్లో పూలరాలు చేరుతుంది. వేప పుల్లాకూ అంతే. తలుపు తీసినప్పుడు బందుల పక్కన, మడ్‌గార్డు రేకు వెనక ఒక ఇరుకు సందు కనిపిస్తుంది. ఆ ఆకులన్నీ అక్కడ కూరుకుని, వానకు నాని, ఎరువుగా మారుతాయి. ఆ తడి ఎరువు స్పాంజిలా ఇనుమును నిత్యం నానబెడుతుంది. వానాకాలానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి ఆ సందులో వేలు పెట్టి, రాలును చేత్తో తీసేయండి. నీళ్ల గొట్టంతో కొడితే అది ఇంకా లోపలికి పోతుంది.

11. కారు జాతకం ఆ చట్రం మీద అంటించి ఉంటుంది

చాలా కార్లలో డ్రైవరు వైపు బీ పిల్లర్ మీద టైర్ల గాలి పట్టిక ఉంటుంది. ముందు టైర్లకు ఎంత, వెనక టైర్లకు ఎంత, బరువు ఎక్కితే ఎంత అన్నది తయారుచేసినవాళ్లు చెప్పిన లెక్క అదే. పెట్రోలు బంకులో గాలి కొట్టే అబ్బాయి అందరికీ ఒకే అంకె పెడుతుంటే, తలుపు తీసి ఆ పట్టిక చూపించండి. గాలి చూసేది టైర్లు చల్లగా ఉన్నప్పుడే. పట్టికలో కేపీఏ అని ఉంటే 230 అంకె సుమారు 33 పీఎస్ఐ అని లెక్క.

అమెరికాలో అయితే ఆ చోటే చట్టం. గాలి పట్టికతో పాటు కారు తయారైన నెల, ఏడాది, వీఐఎన్ అనే 17 అక్షరాల గుర్తు ఉన్న స్టిక్కరు డ్రైవరు తలుపు దగ్గరే ఉండాలి. 1, 0 అంకెలతో పొరపడకుండా ఆ గుర్తులో ఐ, ఓ, క్యూ అక్షరాలు వాడరు. మన దేశంలో తయారైన మారుతి సుజుకి కార్ల గుర్తు ఎంఏ3తో, టాటా కార్లది ఎంఏటీతో, హ్యుందాయ్ కార్లది ఎంఏఎల్‌తో మొదలవుతుంది. కొన్ని కార్లలో రంగు కోడ్ కూడా ఇక్కడే దొరుకుతుంది. కడిగేటప్పుడు ఈ స్టిక్కర్ల మీద జెట్ కొట్టకండి, బ్రష్షు వేయకండి. తడిగుడ్డ అద్ది తీస్తే చాలు.

12. పాత కారు కొనేవాళ్లు ముందు చూడాల్సింది ఇక్కడే

బయటి రంగు పాలిష్‌తో కొత్తగా కనిపించవచ్చు. చట్రం దాచలేదు. బీడింగ్‌ను కొద్దిగా లాగి చూస్తే రెండు రేకుల్ని కలిపిన అంచున గుండ్రటి చిన్న చొట్టలు వరసగా కనిపిస్తాయి. అవి కార్ఖానాలో పెట్టిన స్పాట్ వెల్డింగు గుర్తులు. ఒక పక్క వరస చక్కగా ఉండి, రెండో పక్క చదునుగానో గతుకులుగానో ఉంటే అక్కడ రేకు మార్చారని అర్థం. మడతబందుల బోల్టుల మీద రంగు చిట్లితే తలుపు ఊడదీసి బిగించారు. బీడింగ్ మీద రంగు తుంపరలు, చట్రం మీద టేపు అంటించిన గీత ఉంటే తర్వాత రంగు వేశారు.

నీట మునిగిన కారును కూడా ఈ చోటే పట్టిస్తుంది. 2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ ముంపులో చిక్కినప్పుడు ఎన్నో కార్లు రోజుల తరబడి నీళ్లలో నానాయి. సీట్లు మార్చవచ్చు, కార్పెట్లు మార్చవచ్చు. బీడింగ్ గాడిలో, సీటు బెల్టు దిగే చోట, సిల్ ప్లాస్టిక్ కింద పట్టిన ఒండ్రును పూర్తిగా తీయడం చాలా కష్టం. వేలితో తడిమితే గోధుమరంగు మెత్తటి మట్టి తగులుతుంది. అంత ముఖ్యమైన సాక్ష్యం పలికే చోటు కాబట్టే, శుభ్రంగా ఉంచుకున్న చట్రం మీ కారు అమ్మేటప్పుడు మీ తరఫున మాట్లాడుతుంది.

13. కొన్ని కార్ల తలుపులో గొడుగు దాక్కుని ఉంటుంది

2003లో వచ్చిన రోల్స్ రాయిస్ ఫాంటమ్ వెనక తలుపులు తెరిస్తే, అంచున గొడుగు పిడి కనిపిస్తుంది. తడి గొడుగును తిరిగి పెట్టినా ఆరేలా ఆ గొట్టంలో గాలి ఆడే ఏర్పాటుంది. 2001లో వచ్చిన స్కోడా సూపర్బ్ కూడా తలుపులో గొడుగు పెట్టుకునే చోటు ఇచ్చింది, అందులోంచి నీరు కిందికి పోయే దారితో సహా. తలుపు లోపల తడి చేరితే బయటికి వెళ్లే తోవ ఉండి తీరాలన్న నియమం ఎంత ఖరీదైన కారుకైనా ఒకటే.

14. ఒక అద్దం దించితే తలుపు మెత్తగా పడుతుంది

మూడు తలుపులు వేసి నాలుగోది వేస్తుంటే గట్టిగా అనిపిస్తుంది. బీడింగ్ కుదురుగా ఉన్న కారులో గాలి బయటికి పోయే సందు ఉండదు, తలుపు ఆ గాలిని నెట్టాలి. పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ఎంత బిర్రుగా ఉండేదంటే, తలుపు తేలిగ్గా వేయాలంటే అద్దం కాస్త దించాలని చెప్పుకునేవారు. ఇప్పటి కార్లలో వెనక బంపరు చాటున గాలి పోవడానికి రబ్బరు రెక్కల కిటికీలు ఉంటాయి. అందరూ దడేల్మని తలుపు కొట్టే బదులు, ఒక అద్దం రెండు వేళ్లంత దించి వేసి చూడండి. బందులూ కొక్కెమూ ఎక్కువ కాలం మన్నుతాయి. మునుపు బిర్రుగా ఉన్న తలుపు ఈమధ్య మరీ వదులుగా పడుతోందంటే బీడింగ్ అణగారిందేమో చూసుకోవాలి.

15. వెనక తలుపు అంచున ఉన్న చిన్న మీట పిల్లల ప్రాణానికి సంబంధించింది

వెనక తలుపు మందంలో, లాకు దగ్గర చిన్న మీటో తాళం గాడో ఉంటుంది. అదే చైల్డ్ లాక్. అది వేస్తే తలుపు లోపలి నుంచి తెరుచుకోదు. ఇంటి కారులో పసిపిల్లలకు అది రక్ష. టాక్సీలో ఒంటరిగా ప్రయాణించే ఆడపిల్లకు అదే ప్రమాదం కావచ్చు. అందుకే 2019 జులై 1 నుంచి మన దేశంలో టాక్సీలుగా తిరిగే కార్లలో చైల్డ్ లాక్ ఉండకూడదన్న నిబంధన వచ్చింది. అంచులు తుడిచేటప్పుడు గుడ్డ తగిలి ఈ మీట జరగవచ్చు. పని ముగిశాక రెండు వెనక తలుపులూ లోపలి నుంచి తీసి చూసుకోండి.

16. ఈ పనికి పట్టేది అరగంట, కావాల్సింది వరస

వాటర్ సర్వీసింగ్‌కు ఇచ్చినప్పుడు తలుపులు తెరిచి ప్రెషర్ గొట్టంతో కొట్టడం చూస్తుంటాం. అది వద్దని చెప్పండి. తలుపుకూ స్తంభానికీ నడుమ ముడతల రబ్బరు గొట్టంలో అద్దాలకూ లాకుకూ స్పీకరుకూ వెళ్లే తీగలున్నాయి. చాలా కార్లలో స్తంభం లోపల, తలుపు లోపల ఎయిర్‌బ్యాగు సెన్సర్లు ఉన్నాయి. జెట్ నీళ్లు అక్కడ చొరబడితే ఆరడానికి రోజులు పడుతుంది.

చేత్తో చేసే పద్ధతి ఇది. కారు బయట కడగడం పూర్తయ్యాక నీడలో నిలపండి. ముందు పొడి బ్రష్షుతో బందుల దగ్గరి దుమ్ము, ఇసుక దులపండి. తడి చేశాక ఇసుకతో రుద్దితే రంగు మీద గీతలు పడతాయి. తర్వాత మగ్గు నీళ్లలో కాస్త కారు షాంపూ కలిపి, గుడ్డ ముంచి పిండి, పై కమ్మీ నుంచి కిందికి తుడుస్తూ రండి. సిల్ చివర. అక్కడి మట్టి గుడ్డను మళ్లీ పైకి తీసుకెళ్లకండి. లాకు కొక్కెం చుట్టూ పాత టూత్ బ్రష్షు, బోల్టుల పక్క ఇయర్‌బడ్ పనికొస్తాయి. బీడింగ్ పెదవిని వేలితో ఎత్తి దాని వెనకా తుడవండి, ఎక్కువ మట్టి దాగేది అక్కడే. శుభ్రమైన తడిగుడ్డతో నురగ తీసేసి, మైక్రోఫైబర్ గుడ్డతో ఆరబెట్టండి. ఆ గుడ్డలోని పోగు ఎంత సన్నమంటే, 9,000 మీటర్ల పొడవు తూచినా ఒక గ్రాముకు లోపే. అందుకే మామూలు గుడ్డ అందుకోలేని తడినీ దుమ్మునూ అది లాగేస్తుంది. దాన్ని ఉతికేటప్పుడు కంఫర్ట్ లాంటివి వేయకండి, పీల్చే గుణం పోతుంది.

ఆరిన రంగు మీద మైనం పలచగా రాస్తే తర్వాతిసారి మట్టి తేలిగ్గా వదులుతుంది. బీడింగ్‌కు సిలికాన్, బందులకు గ్రీజు వాటి వంతు వచ్చినప్పుడు. ఆఖర్న తలుపులన్నీ ఓ పావుగంట తెరిచి ఉంచండి. తడి మీద తలుపు మూస్తే చేసిన పనంతా తుప్పుకే సాయం.

నెలకోసారి ఇది చేసే ఇంట్లో మరో మేలు జరుగుతుంది. తలుపు పక్కన మోకాళ్ల మీద కూర్చుని చట్రాన్ని తడిమిన చేతికి, కారుకు వచ్చే ఏ జబ్బైనా చిన్నగా ఉన్నప్పుడే తెలుస్తుంది. రంగు కింద ఆవగింజంత ఉబ్బు, వదులైన బోల్టు, నెర్ర విచ్చిన బీడింగ్. పెద్ద ఖర్చులన్నీ ఒకప్పుడు అంత చిన్నవే.

ఈ ఆదివారం కారు కడిగాక తాళం జేబులో వేసుకునే ముందు డ్రైవరు తలుపు తీసి, అడుగంచు కింద చూపుడు వేలు పోనిచ్చి చూడండి. నీటి రంధ్రాలు వేలికి తగలాలి. మీ కారు తలుపుకు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. అన్నీ తెరిచి ఉంటే ఈ వానాకాలం నీళ్లు వచ్చినవి వచ్చినట్టే కిందికి పోతాయి. ఒక్కటి మూసుకుపోయి ఉన్నా, కొబ్బరి పుల్ల తీసుకురండి.